వార్డులోకి చెట్టు

చెక్కతో బతికే వడ్రంగిని నేను. అలాంటివాణ్ణి ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్టు కొని, ఎవరి కంటా పడకుండా ఆస్పత్రికి చేరాను.

మా ఆవిడకు నిజం చెట్టే కావాలి. "వాసన లేనిది చెట్టెలా అవుతుందండీ?" అంటుంది. కానీ ఆమె ఉన్న వార్డులోకి ఆకూ పువ్వూ రానివ్వరు, క్రిములుంటాయట. మొన్న నేను తెచ్చిన గులాబీని హెడ్ నర్సు గుమ్మంలోనే చెత్తబుట్టలో పడేసింది.

అందుకే ఈ చెట్టును కొమ్మ కొమ్మా స్పిరిట్‌తో తుడిచి మరీ తెచ్చాను. "పదేళ్ళయినా చెక్కుచెదరదు. ఇక ఏటా మనకిదే" అని మా ఆవిడకు సర్దిచెప్పబోయాను.

ఇంతలో ఆ నర్సే వచ్చింది.

"ఇదెందుకు బాబాయ్‌గారూ? పిన్నిగారికి ఇష్టమైన నిజం చెట్టే తెచ్చుకోండి. ఇకమీదట ఆవిడకి ఏదీ వద్దనొద్దన్నారు డాక్టరుగారు" అంది, ఎన్నడూ లేనంత మెత్తగా.

నేను మంచం ఊచ పట్టుకున్నాను. మా ఆవిడ మాత్రం నవ్వింది.

"చూశారా, నా మాటే నెగ్గింది. వెళ్ళి, మంచి వాసనొచ్చేది చూసి తీసుకురండి."

గుమ్మం దాటుతుంటే మళ్ళీ పిలిచింది.

"ఆ ప్లాస్టిక్‌ది పారేయకండి. వచ్చే ఏడు మీ ఒక్కరికీ అది చాలు."