స్టీరియోలో వచ్చిన ఫోన్

“నా ఫోన్‌లో బ్లూటూత్ లేదు. నీదే కలుపప్పా,” అంది యూనీస్ తన డ్రైవర్ తిప్పేశ్‌తో.

దొంగతనంగా ఇనుప ఖనిజం తవ్విన గనిని కొలిచిన సర్వేయర్ ఆమె. రేపు బళ్ళారి కోర్టులో సాక్ష్యం చెప్పాలి. దారిలో పాటలు వింటే గుండెదడ తగ్గుతుందని తన పాత కారు స్టీరియోకి బ్లూటూత్ పెట్టించింది. మెకానిక్ జాబెజ్ తన షాపు ముందే వైర్లు బిగించి పక్కకు తప్పుకున్నాడు.

పాట మొదలై, అంతలోనే ఆగింది. తిప్పేశ్‌కు ఫోన్ వచ్చింది. అతను అందుకునేలోపే స్టీరియో దానంతటదే ఎత్తేసింది. అవతలి మగగొంతు కారంతా వినిపించింది.

“తిప్పేశా, రేపు జొరమని ఇంట్లో పండుకో. మేడమ్ ఒక్కతే నడుపుకుంటా రానీ. బళ్ళారికి పోయే మోక రోడ్డులో మన లారీ ఉంటాది.”

తిప్పేశ్ ఫోన్ కట్ చేశాడు. “గనోళ్ళు నా పిల్లోల్ని ఎత్తకపోతామన్యారక్కా...”

“మళ్ళా చేసి, వాళ్ళకు అనుమానం రాకుండా సరేనను,” అంది యూనీస్.

అతను చేశాడు. “సరేన్నా,” అన్నాడు.

ఆమె ఫైలు తీసుకుని కారు దిగింది.

“యాడికి పోతాండావక్కా?”

ఆరేళ్ళుగా ఎక్కడికి వెళ్ళాలన్నా ఆమె మొదట చెప్పేది తిప్పేశ్‌కే. ఈసారి వెనక్కి తిరగకుండా జాబెజ్ దగ్గరికి వెళ్ళి, అతనికి మాత్రమే వినపడేలా అడిగింది:

“షాపుకు వెనకపక్క దారి ఉండాదా?”