గొడ్డలికి రెండు పెచ్చులు

"కోతమిసను ఎట్టకండి బాబూ. ఈ పనసచెట్టు నేను కొట్టెత్తాను."

గేటు దగ్గర నిలబడ్డ ముసలాయన్ని త్రినాధరావు ఎగాదిగా చూశాడు. కొత్త కారుకి షెడ్డు వేయాలి. చెట్టు అడ్డం.

"పేరేటి?"

"దేముడండి. మాడుగులనుంచి వచ్చేను."

"అంత దూరం నుంచి అనకాపల్లికి, ఒక్క చెట్టుకోసమా?"

"ఈ ఒక్క చెట్టుకోసమే బాబూ. కొట్టించేత్తన్నారని తెలిసింది."

పాపం, పనుల్లేవు కాబోలు అనుకుని త్రినాధరావు ఒప్పుకున్నాడు.

దేముడు ఒకే వైపునుంచి కొట్టుకొచ్చాడు. మధ్యాహ్నం గొడ్డలి చెట్టుకి ఆనించి, వీధి కుళాయికి నీళ్ళకి వెళ్ళాడు.

త్రినాధరావుకి సరదా పుట్టింది. గొడ్డలెత్తిన వీడియో ఒకటి వాట్సాప్‌లో పెడితే ఆఫీసువాళ్ళు నోరెళ్ళబెట్టరూ! ఫోను గోడమీద నిలబెట్టాడు. తన గాటు దేముడి కంట పడకూడదని రెండో వైపుకెళ్ళి, బలంకొద్దీ ఒక్కటేశాడు.

ఖంగుమంది.

గొడ్డలి అంచున రెండు పెచ్చులు ఊడాయి. గొడ్డలిని ఉన్నచోటే పెట్టేసి, ఏమీ ఎరగనట్టు ఇంట్లోకి వెళ్ళి కూర్చున్నాడు.

దేముడు వచ్చాడు. అంచుమీద వేలితో తడిమి చూసుకున్నాడు. సంచిలోంచి ఆకురాయి తీసి అరగదీయడం మొదలెట్టాడు.

ఆ గరగర వింటూ త్రినాధరావు లోపల కూర్చోలేకపోయాడు. బయటికొచ్చి అరిచాడు.

"పనికొచ్చేవా, గొడ్డలి నూరుకోడానికొచ్చేవా? మంచిది తెచ్చుకోవద్దూ?"

"పొరపాటైపోనాది బాబూ. పెచ్చులూడిన సోటు పూర్తిగా సాపు సెయ్యాలంటే అంచంతా అరిగిపోద్ది. గరుకు పోతే సాలు, తెగుద్ది. మిగిలింది నూరగా నూరగా అదే పోద్ది."

ఆయన అలా తప్పు నెత్తినేసుకుంటే త్రినాధరావుకి తలకొట్టేసినట్టయింది.

పొద్దువాలే వేళకి చెట్టు పడింది. దేముడు మానుమీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చున్నాడు. అలిసిపోయాడు కాబోలు.

ఇక త్రినాధరావు ఆగలేకపోయాడు.

"దేముడూ, ఆ పెచ్చులు... నేనే ఊడగొట్టేను. చెప్పకుండా నిన్నే తిట్టేను."

"సూసేను బాబూ, గేటుకాడినుంచి. తప్పు మీది కాదు, నాదే."

"నీదెలాగయ్యా?"

దేముడు మానులోంచి పీకిన తుప్పుమేకుని అరచేతిలో చూపించాడు.

"ఈ జాగా అమ్ముకోకముందు, మా పిల్ల ఉయ్యాల తాడు కట్టడానికి ఈ మేకు కొట్టింది నేనే బాబూ... ఈ మొక్కేసిందీ నేనే."