రోబో చేతికి ఊతం

బండ్లు తయారుచేసే కంప్యూటర్ ఆటలో కోడలి లారీకున్న రోబో చెయ్యి బరువెత్తగానే మళ్లీ మోచేతి దగ్గర విరిగింది.

రిటైరైన ఫోర్‌మన్ మామగారు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. "ఒక్క కీలునే నమ్ముకుంటే ఎలాగమ్మా? రెండు పక్కలా ఊతకడ్డీలు బిగించు. మోటారు వేగం తగ్గించు."

కోడలు అలాగే చేసింది. చెయ్యి ఇనప్పెట్టెను అవలీలగా ఎత్తింది. "చూశావా!" అని మీసం దువ్వుకుంటూ మామగారు స్నానానికి వెళ్లారు.

ఆయన అటు వెళ్లగానే కోడలు ఊతకడ్డీలన్నీ ఊడదీసేసింది.

పక్కనే కూర్చుని చూస్తున్న అత్తగారు తెల్లబోయారు. "అదేంటమ్మా, ఇప్పుడేగా కుదురుకుంది?"

"ఇది విరక్కపోతే ఆయన వంటింట్లోకొచ్చి గరిటె ఎలా తిప్పాలో మనకు నేర్పుతారు, అత్తయ్యా."

అత్తగారు ఒక్క క్షణం ఆలోచించారు.

"అయితే చక్రాలు కూడా వదులు చెయ్యి తల్లీ. సాయంత్రం బజారుకి తోడొస్తానంటున్నారు."