దానికి తెలియకూడదు

“ఒక్క వేటుకి అయిపోవాలి. అది అరవకూడదు.”

షెడ్డులో రంపపు పొట్టు మధ్య నిలబడి, ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టుకుని గుసగుసగా అన్నాడు అతను.

“బెదురు గొడ్డా సార్?” అవతలి నుంచి మటన్ కొట్టు ఆసామి అడిగాడు.

“అబ్బే, నేనంటే దానికి ప్రాణం. పిలిస్తే వెనకాలే వస్తుంది. దానికి తెలియకూడదు, పిల్ల కంట పడకూడదు, అంతే. సోమవారం పొద్దున్న పిల్ల బడికి పోగానే వచ్చెయ్. ఆ రోజుతో దొరసానిగారికి నూకలు చెల్లు.”

దొరసాని అంటే మేక. ఆ పేరు అతను మనసులో పెట్టుకున్నది. ఇంట్లో మిగతావాళ్ళకి అది చిట్టి. వారమంతా ఆఫీసులో చాకిరీ చేసి, సెలవు రోజుల్లో ఒళ్ళు హూనం చేసుకుని, ఊరి చివరి ఈ కాస్త నేలలో అతను ఏది నాటితే అది మేక పొట్టలోకే పోయింది. పాలకూర మడి, జామ చిగుళ్ళు, ఆఖరికి నీళ్ళ పైపులు కూడా. వీడియోలు చూసి నానా తంటాలు పడి కట్టిన కంచెని ఒక్క కుమ్ముతో పడగొట్టి, దాని మీదే పడుకుని నెమరేసింది.

కానీ తల్లి చచ్చిన ఆ కూనని పాలసీసా పట్టి పెంచింది అతని భార్య. వదిలించుకుందామని ఆమె ముందు నోరెత్తడానికి అతనికి ఏనాడూ ధైర్యం చాలలేదు. గుట్టుగా పని కానిచ్చి, పారిపోయిందని చెప్పెయ్యడమొక్కటే మార్గం. నిజం బయటపడిందా, ఇక ఈ కాపురం కాపురంలా ఉండదు.

ఫోను జేబులో పెట్టుకుని బయటికి వచ్చాడు. తలుపు పక్కనే ఆమె నిలబడి ఉంది. కాళ్ళ దగ్గర గుడ్లబుట్ట బోర్లా పడి ఉంది.

“ఎంతసేపైంది వచ్చి?”

“ఇప్పుడే. చెయ్యి జారింది.”

“ఫోన్లో... సిమెంటు కొట్టువాడు.”

“అలాగా.” ఆమె చూపు అతని భుజం మీదుగా వెళ్ళి, ఎరువు కోసం అతను తవ్వుతున్న గోతి మీద నిలిచింది. “ఇంకా ఎంత తవ్వుతారు?”

“సోమవారానికి అయిపోతుందిలే,” అన్నాడు, మాట మారినందుకు ఊపిరి పీల్చుకుంటూ.

ఆ పూటంతా ఆమెనే కనిపెట్టి చూశాడు. ఎప్పటిలాగే మేకకి తౌడు కలిపింది, మెడ కింద గోకింది. తెలిసుంటే ఈపాటికి ఇల్లు పీకి పందిరి వేసేది. తెలియలేదన్నమాట. అయినా ఎక్కడో ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. మనిషి మరీ మెత్తబడిపోయింది. కూరలో ఉప్పెక్కువైందంటే దెబ్బలాడలేదు, నవ్వి ఊరుకుంది. మర్నాడు కంచె వెంట గన్నేరు కొమ్మలు తనే కత్తిరించింది, చేతులకి గుడ్డ చుట్టుకుని మరీ.

“నాకు చెబితే కొట్టేవాణ్ణిగా?”

“మీకిప్పటికే బోలెడు పనులు,” అంది వెనక్కి తిరగకుండా.

శుక్రవారం సాయంత్రం ఆమే కదిపింది.

“ఏవండీ, రేపు ఎటైనా పోదామా? మనిద్దరమే. పిల్లని అక్కయ్య దగ్గర దింపేద్దాం.”

“వచ్చే వారం చూద్దాంలేవోయ్.”

“వచ్చే వారానికి ఎవరుంటారో, ఎవరుండరో!” అని నవ్వింది. అతనూ నవ్వి సరేనన్నాడు.

జలాశయం నడుమ చిన్న దిబ్బ మీద ఒంటరిగా ఓ చెక్క ఇల్లు. దాన్ని వెతికి పెట్టిందీ ఆమే. సామాను దింపుతూ పడవవాడు, “మళ్ళీ రేపు పొద్దున్నే వస్తా. ఇక్కడ ఫోన్లు పలకవు, ఏం కావాలన్నా ఇప్పుడే చెప్పండి,” అన్నాడు.

“మాకేమీ అక్కర్లేదు,” అంది ఆమె. పడవ కనుమరుగయ్యేదాకా అటే చూస్తూ నిలబడింది.

నీళ్ళ మీద వెలుగు తగ్గుతుండగా ఇద్దరూ వసారాలో కూర్చున్నారు. ఫ్లాస్కులోంచి ఆమె ఒక్క కప్పే టీ పోసింది.

“నీకో?”

“నాకొద్దు. మీ కోసమే కాచాను.”

“ఇంత చేదుగా ఉందేంటోయ్?”

“ఒంటికి మంచిది. ఒక్క గుక్కలో తాగెయ్యండి.”

తాగేశాడు. ఇంత ఆపేక్ష చూపించే మనిషి దగ్గర దాపరికం ఏమిటని మనసు పీకింది.

“నీకో సంగతి చెప్పాలి. మొన్న షెడ్డులో...”

“విన్నాను.”

అతను కప్పు కింద పెట్టాడు. “మొత్తం?”

“సోమవారం అన్నారు. అందుకే శనివారం వచ్చాం.”

“మరి... కోపం రాలేదా?”

“ఏడ్చాను. ఇప్పుడేమీ లేదు. ఎందుకో మాత్రం చెప్పండి.”

“ఎందుకేంటి! నేను కట్టిందల్లా కూలదోస్తుంటే ఎన్నాళ్ళని ఓర్చుకోను? కూర్చోబెట్టి మేపడమే తప్ప దమ్మిడీకి కొరగాదు.”

ఆమె రెప్ప వెయ్యలేదు. “పిల్లకేం చెబుదామనుకున్నారు?”

“పారిపోయిందని. నాలుగు రోజులు ఏడుస్తుంది. వయసులో ఉన్నదాన్ని ఇంకోదాన్ని తెచ్చానంటే దానికే అలవాటు పడుతుంది.”

“కాస్తయినా జాలి వెయ్యలేదూ?”

“వేసింది కాబట్టే ఒక్క వేటు అన్నాను.”

చల్లగాలి కొడుతున్నా అతనికి చెమటలు పట్టాయి. పెదాలు మొద్దుబారాయి. అవతలి ఒడ్డున దీపాలు ఒక్కొక్కటీ రెండేసిగా కనిపించాయి. గుండెల మీది బరువు దిగినందుకేమో అనుకున్నాడు. ఆమె ఖాళీ కప్పు తీసుకుని, అడుగుదాకా చూసి, పక్కన పెట్టింది.

“నీకు తెలిస్తే ఏమవుతుందోనని... భయపడి చచ్చాను,” అని నవ్వబోయాడు. నాలుక మడతపడింది. “తీరా చూస్తే... ఒక్క మేక కోసం... ఎంత రాద్ధాంతం చేశానో!”

ఆమె ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

“మేక గురించా?” అంది.