పడిసెం పట్టిన విల్లు

“అది ఎత్తుకోని లోపలికి పోతాండావా? మతుండాదా నీకు, ఫకీరన్నా!”

ప్రొద్దుటూరులో సర్కారు ఆఫీసు వరండాలో అమీర్ బాషా అడ్డంగా నిలబడ్డాడు. ఫకీర్ సాహెబ్ గతుక్కుమని వెనక్కి తగ్గాడు. భుజం మీదున్న దూది ఏకే విల్లు స్తంభానికి తగిలి టుంయ్‌మంది. ఆ వెనకే జుయ్యిమని ఒక వంకర మోత. ఎప్పుడో పగిలిన చోట రాగి తీగ చుట్టినప్పటి నుంచి దానికి అదే గొంతు. పడిసెం పట్టిన విల్లని ఆయన భార్య గులాబ్‌బీ ఎగతాళి చేస్తుంది.

“పనిముట్టు గదా భాయ్. ఆఫీసరు చూస్తానంటాడేమోనని...”

“చూస్తే నీ పని అయిపోయినట్టే. దూదేకులోళ్లకు సర్కారు మిషను యాల ఇస్తాంది? పాతది ఇడిసిపెట్టమనే గదా! వచ్చిండేది ఒక్కటే మిషను. నీ భుజాన దీన్ని చూసినాడంటే, వీడు మారే రకం గాదని ఇంకొకనికి రాసేస్తాడు. అడగందే అమ్మైనా పెట్టదు. అడిగేదానికీ ఒక పద్ధతుండాల.”

ఫకీర్ సాహెబ్ తల ఊపాడు. అమీర్ బాషా కూడా దూదేకుల ఇంట పుట్టినవాడే. ఇప్పుడు బజారులో పెద్ద పరుపుల కొట్టుంది. చేతిపనుల వాళ్లకు దారి చూపమని సర్కారు ఏరికోరి పెట్టుకున్న పెద్దమనిషి. జమ్మలమడుగులో ఫకీర్ సాహెబ్ గుడిసెకు తానే నడిచి వచ్చి అర్జీ పెట్టించాడు. మనోళ్లు ఎన్నాళ్లు ఇట్లా వీధులు తిరగాలని కళ్లు కూడా తుడుచుకున్నాడు. అంత చేసిన మనిషిని నమ్మకపోతే ఇంకెవరిని నమ్మాలి?

“మరి దీన్ని యాడ పెట్టేది?”

“మా సలీం ఉండాడు గదా. ఒరే సలీం, దీన్ని వెనక కొట్టంలో పెట్టు.”

సలీం అమీర్ బాషా బామ్మర్ది. సరదాగా పని నేర్చుకుంటానని ఈ మధ్య ఫకీర్ సాహెబ్ ఇంటికి వచ్చిపోతున్నాడు. విల్లును నడుము దగ్గర పట్టి, నరం తాడుకు వేలు తగలకుండా, ఆయన నేర్పినట్టే అందుకున్నాడు. ఫకీర్ సాహెబ్‌కు ముచ్చటేసింది.

“పైలం నాయనా. మా జేజినాయన విల్లు అది.”

“ఆఫీసరు అడిగితే ఏం చెప్తావు?” అన్నాడు అమీర్ బాషా.

“విల్లు ఇడిసిపెట్టినా సార్, ఇంగ మిషనుతోనే బతుకుతా, అంటా.”

“శభాష్. అంతే. ఇంకొక్క మాట ఎక్కువ మాట్లాడొద్దు.”

ఫకీర్ సాహెబ్ ఒట్టి చేతులతో పోయి బెంచీ మీద కూర్చున్నాడు. బరువు లేని భుజం ఆయనకే కొత్తగా ఉంది. ఊరికూరికే తడుముకున్నాడు.

గేటు బయట ఎండలో కూర్చున్న గులాబ్‌బీకి ఇవేమీ తెలియవు. మొగుడు విల్లు భుజాన వేసుకొని లోపలికి పోవడం కళ్లారా చూసింది. మిషను వస్తే నలుగురికీ పెడదామని కొంగున బెల్లం ముక్కలు కట్టుకొచ్చింది.

“రెక్క పడిపోయినాది వదినా మా ఇంటాయనకు,” అంది పక్కనున్న నాగేంద్రమ్మతో. “రోజూ రాత్రి నేను కాపడం పెడితేనే మర్నాడు ఆ చెయ్యి లేస్తాది. మిషనైతే కాలితో తొక్కుకోవచ్చంట. అది రాకుంటే ఇద్దరమూ అడుక్కతినాల్సిందే.”

నాగేంద్రమ్మది పులివెందుల పక్క పల్లె. గొర్రెలు కాసే కుటుంబం. కంబళ్లు నేసే మగ్గం కోసం ఆమె మొగుడు సిద్దయ్య కూడా లోపలికి పోయాడు. అంతలో అతను నవ్వుకుంటూ బయటికొచ్చాడు. చేతిలో ఉన్ని వడికే కదురు ఉంది.

“ఇచ్చినారే మగ్గానికి దుడ్లు!” అన్నాడు. “ఈ ఆఫీసరు శానా నికార్సైనోడు. మనట్లాంటోళ్ల పేరు చెప్పుకోని షావుకార్లు ఎత్తుకపోతాండారంట. అందుకే ఎవురి పనిముట్టుతో వాళ్లను ఆడనే పని చేసి చూపించమంటాండాడు. నాతో కదురు తిప్పించినాడు. పనిముట్టు తేనోళ్లను మాట గూడా ఇనకుండా పంపించేస్తాండాడు.”

గులాబ్‌బీ నిశ్చింతగా నవ్వింది.

“మాకేం బయం ల్యా. మా ఇంటాయన విల్లు తీసుకోనే పోయినాడు.”

ఎంతసేపటికీ ఆయన రాలేదు. గులాబ్‌బీ గేటు ఊచలు పట్టుకొని లోపలికి తొంగి చూస్తూ నిలబడింది. జవాను రెండుసార్లు కసిరాడు. అయినా కదల్లేదు.

అప్పుడు వినిపించింది లోపలి నుంచి. టుంయ్... టుంయ్... జుయ్యి.

“మాదే! మాదే వదినా!” గులాబ్‌బీ ఎగిరి గంతేసినంత పని చేసింది. “ఈ పడిసెం గొంతు లోకంలో ఇంగ యా విల్లుకూ ల్యా!”

లోపల చప్పట్లు మోగాయి. ఆఫీసరు గొంతు కిటికీ దాటి వచ్చింది. “భేష్! అసలైన పనివాడివయ్యా నువ్వు. యంత్రం నీకే రాస్తున్నాను. ఏదీ, ఇంకొంచెం ఏకి చూపించు!”

విల్లు మళ్లీ అందుకుంది. గులాబ్‌బీ రెండు చేతులూ పైకెత్తి అల్లాను తలుచుకుంది. ఆమె కళ్లు ధారగా కారుతున్నాయి. కొంగుముడి విప్పి నాగేంద్రమ్మకు, సిద్దయ్యకు, కసిరిన జవానుకు కూడా బెల్లం పెట్టింది. ఆఖరి ముక్క మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. అది మొగుడి నోట్లో తన చేత్తోనే పెట్టాలి.

వెనక నుంచి ఎవరో భుజం తట్టారు. తిరిగి చూస్తే ఫకీర్ సాహెబ్. పక్క వాకిలి నుంచి ఎప్పుడు వచ్చాడో ఏమో. ఆ సంబరంలో గులాబ్‌బీ బెల్లం ముక్క ఆయన నోటి దాకా తీసుకుపోయింది. ఆయన నోరు తెరవలేదు. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

“నువ్వు ఈడుండావే... మరి లోపల మన విల్లు కొడతాండేది ఎవురు?”