టైలరుగారి కాలు

నాలుగడుగులు వేస్తే చాలు, టైలరుకి పిక్క పట్టేసేది. ఆగిపోయేవాడు. ఊరికే నిలబడితే జనం ఏమనుకుంటారోనని, ఎదురుగా ఏ కొట్టుంటే అందులోకి చూస్తూ నిలబడేవాడు. చెప్పుల కొట్టయితే పరవాలేదు. ఓసారి ఆడవాళ్ల లోదుస్తుల కొట్టు ముందు పట్టేసింది.

"సైజు చెప్పండి బాబాయ్," అన్నాడు కొట్టువాడు.

ఆ సంగతి వీధంతా పాకింది. మర్నాడే భార్య ఆయన్ని ఆసుపత్రికి లాక్కెళ్లింది. ఆవిడ బడిలో లెక్కల టీచరు. ఎదురు చెప్పడం ఎవరి తరమూ కాదు.

డాక్టరమ్మ ఆయన పాదం మీద నాడి కోసం వెతికి వెతికి, దొరక్క వేలు తీసేసింది.

"తొడలో రక్తనాళం పూడుకుపోయింది. గజ్జల్లోంచి సన్నటి తీగ పంపి, పూడికను లేజరుతో కాల్చేస్తాం. తర్వాత బెలూను ఊది దారి వెడల్పు చేస్తాం."

"బెలూనా? ఇవాళ నా పుట్టినరోజేం కాదే," అన్నాడు టైలరు. "వద్దులెండి. ఈ కాలు నాతో వచ్చింది, నాతోనే పోతుంది."

"ఇలాగే వదిలేస్తే మీకంటే ముందే పోతుంది."

"రేపే చేసేయండి," అంది భార్య.

బల్ల మీద ఆయన మెలకువగానే ఉన్నాడు. తెర మీద తన రక్తనాళాన్ని చూసి, "ఇంత వంకర కుట్టు నేను జన్మలో వేయలేదు," అని గొణిగాడు. బెలూను ఉబ్బినప్పుడు పళ్లు బిగించాడు. కాసేపటికి, ఎన్నాళ్లుగానో చల్లబడిపోయిన పాదం వెచ్చబడింది.

ఇంటికొచ్చాక ఆవిడ ఊపిరి పీల్చుకోనివ్వలేదు. సిగరెట్లు చెత్తబుట్టలో పోసింది. మాత్రలు చేతిలో పెట్టి, మింగేదాకా నెత్తి మీద నిలబడేది. పొద్దునా సాయంత్రం వెంటబడి నడిపించేది.

"నొప్పి," అనేవాడాయన వీధి మలుపులో.

"ఎక్కడ?"

ఆయన రెండో కాలు పట్టుకునేవాడు.

"నాటకాలు చాలు. నడవండి."

"భార్యంటే అలా ఉండాలి," అన్నాడు ఎదురింటాయన. ఆ పూట వాళ్లావిడ ఆయనకి కాఫీ ఇవ్వలేదు.

ఒక సోమవారం ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని, ఆయనకి తెల్లచొక్కా తీసిచ్చింది. వెళ్లాల్సింది మూడో అంతస్తుకి. లిఫ్టు లేదు. ఆవిడ ముందు, ఆయన వెనక. ఎక్కడా ఆగలేదు. పైకి చేరాక ఆయాసం వచ్చింది ఆవిడకే. ఆయనే ఆవిడ చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టాడు.

కోర్టు బంట్రోతు తలుపు తెరిచి, ఆయన మెట్లెక్కలేడన్న కారణంగా ఏళ్ల తరబడి వాయిదా పడుతూ వస్తున్న వాళ్లిద్దరి విడాకుల కేసును పిలిచాడు.