చుక్కల గీత

“వచ్చాడండీ మన ఏటి తాత,” అన్నాడు టైపిస్టు, నవ్వు దాచుకుంటూ.

చావుబతుకుల్లో ఉన్న పది నదుల జాబితాను వాళ్ల నదుల రక్షణ సంఘం ఏటా ప్రకటిస్తుంది. జాబితాకెక్కితే పత్రికలు రాస్తాయి, జనం కదులుతారు. పేర్లు ఇచ్చే గడువు ఆ రోజుతో సరి.

తాత కుర్చీలో కూలబడి చెమట తుడుచుకున్నాడు.

“అమ్మా, ఈసారైనా మా ఏరు రాయండి. దానిమీద సిమెంటు పలకలు పరిచి కార్లు నిలుపుతారట.”

“సర్కారు మ్యాపులో అక్కడున్నది చుక్కల గీత, తాతగారూ. అంటే మురుగు కాలువ. దాన్ని నది అని రాస్తే నలుగురూ నవ్వుతారు,” అంది కార్యదర్శి.

“మురుగేంటమ్మా. బడి ఎగ్గొట్టి వంతెన మీంచి దూకేవాళ్లం. తడి తలతో ఇంటికెళ్తే వీపు విమానం మోతే. అందుకని ఎండలో బోర్లా పడుకుని జుట్టు ఆరబెట్టుకునేవాళ్లం. అయినా మా అమ్మ చెవి వెనక వేలు పెట్టి చూసేది. అక్కడ ఇసుక దొరికేది.”

కార్యదర్శికి తన చిన్నప్పటి ఏరు గుర్తొచ్చింది. అయినా రూలు రూలే. రూళ్లు రాసేవాళ్లెవరూ ఏట్లో దూకి ఉండరు.

ఆయన్ని ఊరడించడానికి ఏటా అనే మాటే అంది.

“మ్యాపు గీసిన మహానుభావుడు కళ్లు మూసుకుని గీసుంటాడు. దొరికితే చెడామడా తిట్టేదాన్ని.”

టైపిస్టు నవ్వాడు. తాత ఏదో అనబోయి, చేతికర్ర అందుకుని వెళ్లిపోయాడు.

మరుసటి ఏడు గడువు రోజున ఆయన రాలేదు. ఒక నడివయసు ఆవిడ వచ్చి బల్ల మీద కవరు పెట్టింది.

“నాన్న కిందటి నెల పోయారండీ. ఇది మీకిమ్మన్నారు.”

లోపల అట్టలు చినిగిన పాత సర్వే పుస్తకం ఉంది. గుర్తు పెట్టిన పేజీని కార్యదర్శి పైకే చదివింది.

“మరమ్మతు కోసం వారం రోజులు పైన ఆనకట్ట తలుపులు మూశారు. కొలత నాటికి ఏట్లో నీరు లేదు. నీరు కనబడనిచోట చుక్కల గీత గీయవలెనని పైవారి ఉత్తరువు.”

కార్యదర్శి పెన్ను తీసి, జాబితాలో ఆ ఏటి పేరు అన్నిటికన్నా పైన రాసింది. అప్పటికే దానిమీద సగం దూరం పలకలు పడ్డాయి.

“ఇంత సాక్ష్యం పెట్టుకుని ఇన్నేళ్లూ ఎందుకు దాచారమ్మా?”

“ప్రతి ఏడూ చెప్పేద్దామనే బయల్దేరేవారండీ. ఇక్కడికొచ్చి మీ మాట విన్నాక నోరు పెగిలేది కాదట.”

“నా మాటా? నేనేమన్నాను?”

ఆమె పుస్తకం మీద చెయ్యి వేసి నెమ్మదిగా అంది.

“ఆ మ్యాపు గీసింది నాన్నేనండీ.”